హరిత ప్రాంగణం: ఆదర్శమా, అవసరమా?

విశ్వవిద్యాలయానికి నెలనెలా వచ్చే విద్యుత్తు బిల్లును కళ్లారా చూసేవారు ప్రాంగణం మొత్తం మీద నలుగురైదుగురికి మించి ఉండరు. చాలాచోట్ల హైటెన్షన్ సరఫరా ఒకేచోట అందుతుంది. మీటరు ఒక్కటే, బిల్లూ ఒక్కటే. అది ఇంజనీరింగ్ విభాగానికి చేరి, అక్కడి నుంచి ఆర్థికాధికారి బల్ల మీదికి వెళుతుంది, చెల్లింపు జరిగిపోతుంది. ప్రయోగశాలలో రాత్రంతా ఏసీ నడిపిన ఆచార్యునికి గానీ, ఫ్యాను ఆపకుండా గదికి తాళం వేసి వెళ్లిన విద్యార్థికి గానీ ఆ కాగితం ఏనాడూ కనిపించదు. పర్యావరణ పరిరక్షణపై ఉపన్యాసాలు విరివిగా వినిపించే చోటే దాని జమాఖర్చులు ఎవరికీ పట్టకపోవడం ఒక వైచిత్రి.

అయినప్పటికీ గడచిన రెండు దశాబ్దాలలో దేశంలోని అనేక విశ్వవిద్యాలయాల రూపురేఖలు మారాయన్నది కాదనలేని సత్యం. పైకప్పుల మీద సౌరఫలకాలు వెలిశాయి. వాననీటికి ఇంకుడు గుంతలు తవ్వారు. మురుగునీటిని శుద్ధి చేసి తోటలకు మళ్లిస్తున్నారు. భోజనశాలల వ్యర్థాలతో గ్యాస్ తయారుచేస్తున్నారు. ఈ మార్పునకు మూలమేమిటి? ఆదర్శమా, చట్టభయమా, ర్యాంకుల మోజా, ఖర్చు తగ్గించుకోవాలన్న ఆతృతా? ఇది కేవలం మేధోచర్చకు సంబంధించిన ప్రశ్న కాదు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22 నాటికి దేశంలో 1,168 విశ్వవిద్యాలయాలు, 45,473 కళాశాలలు ఉన్నాయి. వాటిలో చదువుతున్నవారు సుమారు 4.33 కోట్ల మంది. అనేక దేశాల మొత్తం జనాభా కంటే పెద్దదైన ఈ విద్యార్థిలోకం నీటిని, విద్యుత్తును, భూమిని ఎలా వాడుతుందన్నది జాతి భవితవ్యానికి సంబంధించిన విషయం. ఏ ప్రేరణతో మొదలైందన్న దానిపైనే ఏ మార్పు అయినా ఎంతకాలం నిలుస్తుందన్నది ఆధారపడి ఉంటుంది.

న్యాయస్థానం చూపిన దారి

భారతదేశంలో తొలి ఒత్తిడి న్యాయస్థానం నుంచి వచ్చింది. ప్రముఖ న్యాయవాది ఎం.సి. మెహతా దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. విద్యాసంస్థలలో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. పుష్కరకాలం గడచినా అమలు అంతంతమాత్రంగానే ఉండటంతో 2003 డిసెంబరులో న్యాయస్థానం మరోసారి జోక్యం చేసుకోవలసి వచ్చింది. దాని ఫలితంగానే విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పర్యావరణ అధ్యయనాన్ని తప్పనిసరి చేసింది. ఎనిమిది అధ్యాయాలు, 50 తరగతులతో పాఠ్యప్రణాళిక సిద్ధమైంది.

అయితే పాఠం పుస్తకంలోకి వచ్చినంత వేగంగా ప్రాంగణంలోకి రాలేదు. జల సంరక్షణపై పదిమార్కుల వ్యాసం రాసిన విద్యార్థి, పరీక్ష హాలు వెలుపల కారుతున్న కుళాయిని దాటుకొని వెళ్లిపోయే పరిస్థితి చాలాచోట్ల కొనసాగింది. మార్కులు వచ్చాయి; అలవాట్లు మారలేదు.

భవన నిర్మాణాల విషయంలో చట్టం నడిచిన తీరు మరింత ఆసక్తికరమైనది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన భారీ నిర్మాణాలకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. 2014లో కేంద్రప్రభుత్వం పాఠశాలలు, కళాశాలలు, వాటి వసతి గృహాలకు ఈ నిబంధన నుంచి మినహాయింపునిచ్చింది. ఈ సడలింపును 2024 మార్చిలో కేరళ హైకోర్టు కొట్టివేసింది. 2025 జనవరిలో కేంద్రం కొత్త ప్రకటనతో మినహాయింపును మళ్లీ తెచ్చినా, అదే సంవత్సరం ఆగస్టు 5న సుప్రీంకోర్టు దాన్ని రద్దుచేసింది. విద్యారంగం కూడా ఒక పరిశ్రమగా వర్ధిల్లుతున్న ఈ రోజులలో దానికి ప్రత్యేక మినహాయింపు ఎందుకన్నది న్యాయస్థానం భావం. పర్యావరణ పాఠాలు చెప్పే సంస్థే పర్యావరణ చట్టం నుంచి మినహాయింపు పొందే వింత పరిస్థితికి ఈ తీర్పు తెరదించింది.

చెత్త విషయంలోనూ ఇంతే. 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు 5,000 చదరపు మీటర్లకు మించిన విస్తీర్ణం గల సంస్థలపై తడి, పొడి చెత్తలను వేరుచేసే బాధ్యతను, వీలైనంతవరకు తడిచెత్తను తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చే బాధ్యతను పెట్టాయి. ఆ విస్తీర్ణం లేని విశ్వవిద్యాలయం దాదాపు ఉండదు. చట్టం నిస్సందేహంగా బలమైన ప్రేరణే. కానీ చట్టానికి భయపడేవారు చట్టం అడిగినంత మేరకే చేస్తారు. అడిగేవారు లేనప్పుడు అదీ చేయరు.

గ్రేడుల ఆరాటం

రెండో ప్రేరణ ప్రతిష్ఠకు సంబంధించినది. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేయడానికి 1994లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన జాతీయ మదింపు మండలి 'న్యాక్', 2017లో తన ప్రమాణాలను సవరించింది. వెయ్యి మార్కుల మదింపులో వంద మార్కులను సంస్థాగత విలువలు, ఉత్తమ సంప్రదాయాలు అన్న ఏడో అంశానికి కేటాయించింది. ఇంధన పొదుపు, నీటి సంరక్షణ, వ్యర్థాల నిర్వహణ, హరిత ఆడిట్ వంటివి దీనిలోకి వచ్చాయి. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం న్యాక్‌లో 3.51, అంతకు మించిన స్కోరు సాధించిన విశ్వవిద్యాలయాలకు మొదటి శ్రేణి హోదా, దానితోపాటు అధిక స్వయంప్రతిపత్తి లభిస్తాయి. పాయింటులో పదో వంతు కూడా కీలకమైన ఈ పోటీలో మొక్కలకూ మార్కులుంటాయని తెలిశాక ఉపకులపతుల దృష్టి సహజంగానే అటు మళ్లింది.

అంతర్జాతీయ ర్యాంకులు దీనికి తోడయ్యాయి. ఇండొనేషియా విశ్వవిద్యాలయం 2010లో 'గ్రీన్‌మెట్రిక్' పేరిట ప్రపంచ విశ్వవిద్యాలయాలకు హరిత ర్యాంకులు ఇవ్వడం ప్రారంభించింది. బ్రిటన్‌కు చెందిన టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ సంస్థ సుస్థిరాభివృద్ధి లక్ష్యాల ప్రాతిపదికన 2019 నుంచి ప్రత్యేక జాబితా వెలువరిస్తోంది. మన జాతీయ ర్యాంకుల వ్యవస్థ అయిన ఎన్ఐఆర్ఎఫ్ కూడా 2025లో సుస్థిరాభివృద్ధి విభాగాన్ని కొత్తగా చేర్చింది. అందులో మద్రాసు ఐఐటీ ప్రథమస్థానం దక్కించుకుంది. విదేశీ విద్యార్థులను, పరిశోధక నిధులను ఆకర్షించాలనుకునే సంస్థలకు ఈ జాబితాలు ప్రచార సాధనాలయ్యాయి.

అయితే ర్యాంకుల మోజుకు ఒక బలహీనత ఉంది. గ్రీన్‌మెట్రిక్ వంటి జాబితాలు ప్రధానంగా విశ్వవిద్యాలయాలు తమకు తాముగా సమర్పించే వివరాలపై ఆధారపడతాయి. తనిఖీ బృందం రాకకు ముందు కుండీలు బారులు తీరడం, 'ప్లాస్టిక్ నిషిద్ధం' అన్న ఫ్లెక్సీని సాక్షాత్తూ ప్లాస్టిక్ మీదనే ముద్రించి కట్టడం మన ప్రాంగణాలలో చూడనివారుండరు. బృందం వెళ్లిపోయాక మొక్కలకు నీరు పోసేవారు కనిపించరు. నాటిన మొక్కల లెక్క నివేదికలో ఉంటుంది. బతికిన మొక్కల లెక్క ఎవరూ అడగరు.

ఖజానా లెక్కలు

మూడో ప్రేరణ నిరాడంబరమైనది గానీ నమ్మదగినది. అది డబ్బు. జాతీయ సౌర మిషన్ ఆరంభమైన 2010లో పెద్ద సౌరకేంద్రాల తొలి వేలంలో యూనిట్ ధర కనిష్ఠంగా రూ. 10.95 పలికింది. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భాద్లాలో అది రూ. 2.44కు పడిపోయింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రూ. 1.99కి చేరింది. పైకప్పుల మీది ఫలకాలకు ఖర్చు ఇంతకంటె ఎక్కువే అవుతుంది. అయినా గ్రిడ్ విద్యుత్తుకు విశ్వవిద్యాలయాలు చెల్లించే ధరతో పోలిస్తే లాభమే. పైగా తరగతులు, ప్రయోగశాలలు నడిచేది పగటివేళ. సూర్యుడు వెలుగునిచ్చేదీ అప్పుడే. విశాలమైన పైకప్పులు, పగటి వినియోగం రెండూ కలిసివచ్చే సంస్థలలో విశ్వవిద్యాలయాలది అగ్రస్థానం.

పెట్టుబడి సమస్యకు కూడా ఒక మార్గం దొరికింది. ప్రైవేటు సంస్థే సొంత ఖర్చుతో ఫలకాలు అమర్చి, నిర్వహించి, ఉత్పత్తి అయిన విద్యుత్తును ముందుగా కుదిరిన ధరకు పాతికేళ్లపాటు విశ్వవిద్యాలయానికే అమ్మే పద్ధతి ప్రాచుర్యంలోకి వచ్చింది. విశ్వవిద్యాలయం రూపాయి పెట్టుబడి పెట్టనక్కరలేదు. మొదటి నెల నుంచే బిల్లు తగ్గుతుంది.

సౌరఫలకాలంత ఆడంబరం లేని పొదుపులు మరికొన్ని ఉన్నాయి. ఉదాహరణకు వెయ్యి ఫ్యాన్లున్న వసతి గృహాల సముదాయాన్ని తీసుకుందాం. పాతరకం ఫ్యాను సుమారు 75 వాట్లు వాడుతుంది. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ రకానికి 30 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజుల చొప్పున లెక్కిస్తే ఆదా అయ్యేది 1,62,000 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే దాదాపు 13 లక్షల రూపాయలు. ఫ్యాను ఒక్కింటికి మూడువేల రూపాయలు పెట్టినా పెట్టుబడి రెండున్నరేళ్ల లోపే తిరిగివస్తుంది.

ఇంత సులువైన లెక్క ఉన్నప్పుడు ప్రతి విశ్వవిద్యాలయమూ రేపే ఫ్యాన్లు మార్చాలి కదా! మార్చకపోవడానికి కారణం మన పద్దుల విధానంలో ఉంది. ఫ్యాన్ల కొనుగోలు ఒక పద్దు, విద్యుత్తు బిల్లు మరొక పద్దు. కొన్నవారికి పొదుపు దక్కదు. పొదుపు దక్కినవారికి కొనే అధికారం ఉండదు. మిగిలిన సొమ్ము సాధారణ నిధిలో కలిసిపోతుంది. పైగా బిల్లు తగ్గితే వచ్చే ఏడాది గ్రాంటులో అంతమేరకు కోత పడుతుందేమోనన్న శంక ఒకటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఉపకులపతి పదవీకాలం మూడేళ్లు. ఐదారేళ్లకు ఫలించే పథకాన్ని తలకెత్తుకుంటే కీర్తి తరువాతివారికి దక్కుతుంది, టెండర్ల తలనొప్పి మాత్రం తమకు మిగులుతుంది. అందుకే దీర్ఘకాలిక పొదుపు కంటే తక్షణ ప్రారంభోత్సవానికే మొగ్గు చూపడం కనిపిస్తుంది.

కరవు నేర్పిన పాఠం

డబ్బు కంటే కఠినమైన గురువు నీటి ఎద్దడి. 2019 వేసవిలో చెన్నై జలాశయాలు ఎండిపోయినప్పుడు నగరమంతా ట్యాంకర్ల వెంట పరుగులు తీసింది. 2024 మార్చిలో బెంగళూరు అదే అవస్థను చవిచూసింది. ఇటువంటి రోజులలో విద్యార్థులను ఇళ్లకు పంపడమా, మరోదారి వెతకడమా అన్నది విద్యాసంస్థల ముందు నిలిచే ప్రశ్న. గిండీ అడవికి ఆనుకొని, కృష్ణజింకలు సంచరించే ఆవరణలో 1959లో నెలకొన్న మద్రాసు ఐఐటీ వంటి సంస్థలు మురుగునీటిని శుద్ధిచేసి తిరిగి వాడుకోవడాన్ని అలవాటు చేసుకున్నాయి.

ఐదువేల మంది నివసించే వసతి గృహాలకు మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం చొప్పున 6.75 లక్షల లీటర్లు కావాలి. పదివేల లీటర్ల ట్యాంకర్లతో తోలిస్తే రోజుకు 67కు పైగా వంతులు అవుతాయి. ఇందులో సుమారు 80 శాతం, అంటే 5.4 లక్షల లీటర్లు మురుగునీరుగా బయటికి పోతుంది. దాన్ని శుద్ధిచేసి మరుగుదొడ్లకు, తోటలకు మళ్లిస్తే ఆ మేరకు బోర్లపై భారం తగ్గుతుంది. వాన తక్కువ కురిసే చోట సైతం పైకప్పులు నిరుపయోగం కావు. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అటువంటి చోట కూడా వెయ్యి చదరపు మీటర్ల పైకప్పు మీద ఏడాదికి ఐదున్నర లక్షల లీటర్ల వాన కురుస్తుంది. అయిదో వంతు వృథా అయిందనుకున్నా 4.4 లక్షల లీటర్లు ఇంకుడు గుంతకు చేరతాయి. కరవు చూసిన ప్రాంగణానికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు. చిక్కల్లా ఒక్కటే: మంచి వాన కురిసిన ఏడాది ఆ గుంతల్లో పూడిక తీయడం అందరూ మరచిపోతారు.

విద్యార్థుల గొంతు

నాలుగో ప్రేరణ కింది నుంచి వస్తుంది. 1979లో ఢిల్లీలోని పాఠశాల, కళాశాల విద్యార్థులు నగరపు ఊపిరితిత్తుల వంటి 'రిడ్జ్' అటవీప్రాంతాన్ని కాపాడాలంటూ ఉద్యమించారు. ఆ ఉద్యమం నుంచే 'కల్పవృక్ష' సంస్థ పుట్టింది. కేరళలో 'సైలెంట్ వ్యాలీ' అడవులను జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి రక్షించేందుకు సాగిన పోరాటంలో కళాశాల అధ్యాపకులు ముందు నిలిచారు. చివరకు 1984లో ఆ లోయ జాతీయ ఉద్యానవనమైంది.

తెలుగునేల మీద ఇటీవలి నిదర్శనం హైదరాబాద్ విశ్వవిద్యాలయం. 1974లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చేరువనే ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో 2025 మార్చి నెలాఖరున యంత్రాలతో చెట్లను తొలగించడం మొదలైంది. ఆ భూమి తనదేనన్నది రాష్ట్ర ప్రభుత్వ వాదన. అందులోని చెట్లు, రాతిగుట్టలు, నెమళ్లు, జింకల మాటేమిటన్నది విద్యార్థుల ప్రశ్న. ఆందోళన ఉద్ధృతమైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతతానుగా జోక్యం చేసుకొని చెట్ల నరికివేతను నిలిపివేయించింది. యాజమాన్య హక్కుల వివాదం ఎలా ఉన్నా, ఒక విషయం మాత్రం రుజువైంది. ఆరు నెలల పాఠం కలిగించలేని స్పృహను, రోజూ నడిచే దారి పక్కన కూలిన చెట్టు ఒక్కరోజులో కలిగించింది.

అయితే విద్యార్థులు ప్రాంగణంలో ఉండేది రెండేళ్లో, ఐదేళ్లో. ఉద్యమాన్ని నడిపినవారు పట్టా పుచ్చుకొని వెళ్లిపోతారు. వారు రగిలించిన స్ఫూర్తిని పట్టి ఉంచే వ్యవస్థ లేకపోతే అది వారితోనే గడప దాటుతుంది.

పాత జ్ఞానం, కొత్త గోడలు

పర్యావరణ స్పృహ విశ్వవిద్యాలయాలకు విదేశాల నుంచి వచ్చిన విద్య కాదు. విశ్వకవి రవీంద్రుడు శాంతినికేతన్‌లో 1928లోనే వృక్షారోపణ ఉత్సవాన్ని ప్రారంభించారు. విశ్వవిద్యాలయాధిపతులు ఫ్రాన్స్‌లోని తల్వార్‌లో సమావేశమై పర్యావరణ బాధ్యతపై పది సూత్రాల ప్రకటన చేసింది 1990లో. అంటే బెంగాల్ పల్లెసీమలోని ఆ చిన్న విద్యాలయం ప్రపంచం కంటే ఆరు దశాబ్దాలు ముందు నడిచింది.

బీహార్‌లోని రాజ్‌గిర్ వద్ద 2024 జూన్ 19న ప్రారంభమైన నలందా విశ్వవిద్యాలయ నూతన ప్రాంగణం ఈ సంప్రదాయానికి ఆధునిక రూపం. ప్రఖ్యాత వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి సంస్థ దీనికి రూపకల్పన చేసింది. సౌరవిద్యుత్ కేంద్రం, వాడిన నీటిని శుద్ధిచేసే ఏర్పాట్లు, వంద ఎకరాల మేర జలాశయాలు ఇందులో ఉన్నాయి. దక్షిణ బీహార్ రైతులు తరతరాలుగా వాననీటిని పట్టి నిలుపుకొనే 'ఆహార్-పైన్' పద్ధతిని ఇక్కడ పునరుద్ధరించడం విశేషం. పొరుగుదేశమైన బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో బ్రాక్ విశ్వవిద్యాలయం, కాలుష్యంతో పాడైన చిత్తడినేలను పూడ్చివేయకుండా శుభ్రపరచి, నీటిమడుగు పైన ప్రాంగణాన్ని నిర్మించింది. సుందర్‌బన్ మడ అడవులు దానికి స్ఫూర్తి.

ఇవి కొత్త సంస్థలు. తెల్లకాగితం మీద గీత గీసుకున్నాయి. అసలు పరీక్ష యాభై, అరవై ఏళ్లనాటి భవనాలు, తుప్పుపట్టిన పైపులు, అంతకంతకూ పెరిగే విద్యార్థుల సంఖ్య, తరిగే గ్రాంట్లతో నెట్టుకొస్తున్న రాష్ట్ర విశ్వవిద్యాలయాలది. ప్రస్తుతం వాటికి కావలసింది మరో ప్రకటన కాదు, నిలకడైన ప్రేరణ.

ప్రేరణ నిలిచేదెలా?

చట్టం, ర్యాంకు, పొదుపు, కరవు, విద్యార్థుల ఒత్తిడి - వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. చట్టం కనీసం దగ్గర ఆగిపోతుంది. ర్యాంకు తనిఖీతో ముగుస్తుంది. కరవును తొలకరి మరపిస్తుంది. విద్యార్థులు వెళ్లిపోతారు. వీటన్నింటినీ కలిపి ఉంచగలిగేది సంస్థాగతమైన ఏర్పాటు మాత్రమే. యూజీసీ 2019లో 'సతత్' పేరిట పర్యావరణహిత ప్రాంగణాల కోసం మార్గదర్శక ప్రణాళికను వెలువరించింది. మార్గదర్శకాలు ఆచరణలోకి రావాలంటే చిన్నవిగా కనిపించే కొన్ని పనులు జరగాలి.

మొదటిది, ప్రతి భవనానికీ విడిగా విద్యుత్తు, నీటి మీటర్లు అమర్చి ఆ లెక్కను నోటీసు బోర్డు మీద అందరికీ కనిపించేలా ఉంచడం. తన విభాగం ఎంత వాడుతోందో తెలియనివారిని పొదుపు చేయమనడం అర్థరహితం. రెండోది, మిగిల్చిన సొమ్ములో కొంత భాగాన్ని మిగిల్చిన విభాగానికో, వసతి గృహానికో తిరిగి ఇవ్వడం, తక్కినది తదుపరి పొదుపు పనులకు మాత్రమే వెచ్చించడం. మూడోది, ఉపకులపతి మారినా మారని బాధ్యతను ఒక శాశ్వత అధికారికి అప్పగించడం. నాలుగోది, ఇంజనీరింగ్, వృక్షశాస్త్ర, అర్థశాస్త్ర విభాగాల విద్యార్థుల ప్రాజెక్టులకు సొంత ప్రాంగణాన్నే ప్రయోగశాల చేయడం. బతికిన మొక్కల గణన, కారుతున్న కుళాయిల గణన వారితో చేయిస్తే నివేదికలలోని అంకెలకు ప్రాణం వస్తుంది.

ఆదర్శమా, అవసరమా అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. అవసరం తలుపు తడుతుంది. ఆదర్శం ఇంట్లో నిలుస్తుంది. బిల్లు భయంతో ఫ్యాను మార్చిన విశ్వవిద్యాలయాన్ని తక్కువగా చూడనక్కరలేదు. ఆ మార్పు ఎందుకు జరిగిందో తన విద్యార్థికి చెప్పగలిగితే, అతడు రేపు ఇంజనీరుగానో, కలెక్టరుగానో, పంచాయతీ సభ్యునిగానో వెళ్లిన చోటల్లా ఆ లెక్క వేస్తాడు. నాలుగు కోట్ల పైచిలుకు విద్యార్థుల దేశంలో ఆ ఒక్క అలవాటు విలువ ఏ గ్రేడూ కొలవలేనిది. ఇంజనీరింగ్ విభాగం బీరువాలో మగ్గుతున్న ఆ బిల్లును ముందు నోటీసు బోర్డు మీదికి తేవడంతోనే ఈ పని మొదలుకావాలి.